‘ఏ’ షార్ప్, బి ఫ్లాట్ ఒకే ఫ్రెట్‌లో ఉంటే రెండు పేర్లెందుకు? ఫ్రెట్‌బోర్డు మీద వీటిని గుర్తుపట్టేదెలా?

ఆరుతీగల_నల్లగొండ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటాను. గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడు నెలలవుతోంది. ఆదివారాలు మా చర్చి క్వయర్‌లో వాయిస్తాను. ఓపెన్ కార్డ్‌లు (కొన్ని తీగలను ఒట్టిగా వదిలి పట్టేవి) తడబడకుండా పట్టగలను. బార్ కార్డ్‌లు (ఒకే వేలిని తీగల మీద అడ్డంగా అదిమి పట్టేవి) పడతాయి గాని రెండు చరణాలు దాటేసరికి చెయ్యి లాగేస్తుంది.

ముందుగా ఒక మనవి. తెలుగులో ‘ఏ తీగ’ అని రాస్తే ప్రశ్న వేసినట్టు, ‘ఈ తీగ’ అని రాస్తే వేలు పెట్టి చూపినట్టు ఉంటుంది కాబట్టి, స్వరాల పేర్లుగా వచ్చే ఆ రెండక్షరాలను నేను కోట్‌లలో పెడుతున్నాను. జవాబిచ్చేవారు కూడా అలాగే రాస్తే నాలాంటి కొత్తవాళ్ళకు తికమక తగ్గుతుంది.

గత ఆదివారం పాట మొదలుకాబోతుండగా కీబోర్డు వాయించే అన్న నా వైపు వంగి “ఇవాళ బి ఫ్లాట్” అన్నారు. నా క్లిప్ ట్యూనర్ తెర మీద నేను ఇంతవరకు ఫ్లాట్ గుర్తు చూడలేదు; అది ఎప్పుడూ షార్ప్‌నే చూపిస్తుంది. ఆరో తీగ మీద ఏడో ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీద లోహపు గీతల మధ్య ఉండే గడి) బి ఉంటుందని మాత్రం నాకు తెలుసు. ఫ్లాట్ అంటే ‘కిందికి’ అని ఎక్కడో విని ఉన్నాను కనుక, చెయ్యిని ఒక ఫ్రెట్ కిందికి, అంటే గిటార్ పొట్ట వైపుకు జరిపి, ఎనిమిదో ఫ్రెట్‌లో బార్ పట్టి కొట్టాను. అది సి అని ఇంటికి వచ్చాక తెలిసింది. పల్లవి సగం దాకా అలాగే వాయించాను. పాడేవాళ్ళు వెనక్కి తిరిగి చూడలేదు గాని, వాళ్ళ భుజాలు బిగుసుకోవడం నాకు కనిపించింది.

తరువాత వెతికితే, బి ఫ్లాట్, ‘ఏ’ షార్ప్ ఒకటేనని తెలిసింది. ఒకటే అయినప్పుడు రెండు పేర్లు ఎందుకు పెట్టారు? బికి, సికి మధ్య, ‘ఈ’కి, ఎఫ్‌కి మధ్య మాత్రం షార్ప్ ఎందుకు లేదు? ఫ్రెట్‌బోర్డు పటం ఒకటి జిరాక్స్ తీయించి గోడకు అంటించుకున్నాను. 6 తీగలు, 12 ఫ్రెట్లు, మొత్తం 72 గళ్ళు. వాటిలో 30 గళ్ళలో షార్ప్ గుర్తులే. రోజూ పొద్దున చదువుతున్నాను, సాయంత్రానికి మరిచిపోతున్నాను. ఇది బట్టీ పట్టవలసిన విషయమేనా, లేక పట్టుకోవడానికి ఏదైనా దారి ఉందా?

మిర్యాలగూడ_క్యాపో:

వచ్చే ఆదివారానికి ముందు పని జరగాలి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మూడో ఫ్రెట్‌లో క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి అదిమి ఉంచే బిగింపు) పెట్టండి, మీకు వచ్చిన జి కుటుంబమే వాయించండి. అప్పుడు జి పట్టు బి ఫ్లాట్‌గా, సి పట్టు ‘ఈ’ ఫ్లాట్‌గా, డి పట్టు ఎఫ్‌గా, ‘ఈ’ మైనర్ పట్టు జి మైనర్‌గా మోగుతాయి. బార్ అవసరం లేదు, చెయ్యి లాగదు.

షార్ప్ అంటే ఒక ఫ్రెట్ పొట్ట వైపుకు, ఫ్లాట్ అంటే ఒక ఫ్రెట్ చెవుల వైపుకు. చెవులంటే తీగలు బిగించే మరలు. ఇంతే సూత్రం. ‘ఈ’ షార్ప్, బి షార్ప్ అనేవి లేనే లేవు. పేర్ల గొడవ తరువాత నిదానంగా చూసుకోవచ్చు.

పాలమూరు_పెట్టె:

పై మిత్రుడు చెప్పిన క్యాపో ఉపాయం సరైనదే, ఆదివారానికి అదే చేయండి. అయితే మీరు అడిగింది గుర్తుపట్టడం గురించి కాబట్టి, నాకు ఈ లెక్క ఎక్కడ దొరికిందో చెబుతాను.

నేను గిటార్ కంటే ముందు హార్మోనియం వాయించినవాడిని. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ళలో భజనకు పెట్టె పట్టుకుని వెళ్ళేవాడిని. అక్కడ ఎవరూ సి, డి అనరు. పాడే పెద్దమనిషి వచ్చి కూర్చోగానే “ఎంత శ్రుతి?” అని అడుగుతాం, ఆయన “ఒకటిన్నర” అనో “నాలుగు” అనో “ఐదున్నర” అనో చెబుతాడు. పెట్టె మీద తెల్ల మెట్లకు పూర్తి అంకెలు, నల్ల మెట్లకు అరలు. సి ఒకటి, డి రెండు, ‘ఈ’ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ‘ఏ’ ఆరు, బి ఏడు. నల్లవి ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. ఇంతకాలంలో మూడున్నర శ్రుతి పెట్టమని అడిగిన మనిషిని నేను చూడలేదు; ఏడున్నర అడిగినవాళ్ళూ లేరు. మూడు దాటితే నాలుగే, ఏడు దాటితే మళ్ళీ ఒకటే. మీరు అడిగిన ‘ఈ’–ఎఫ్, బి–సి సంగతి ఇదే. అక్కడ మధ్యలో నల్ల మెట్టు లేదు, గిటార్ మీద మధ్యలో ఖాళీ ఫ్రెట్ కూడా లేదు. మీ కీబోర్డు అన్న “బి ఫ్లాట్” అన్నప్పుడు మా భజనలో అయితే “ఆరున్నర” అనేవాళ్ళు. ఆరుకూ ఏడుకూ నడుమ ఉన్నదాన్ని ఆరు మీద అర అనవచ్చు, ఏడుకు అర తక్కువ అనవచ్చు. గడియారం ఆరున్నర చూపించినప్పుడు ఏడుకు అరగంట తక్కువ అన్నా ఎవరూ తగవు పెట్టుకోరు కదా.

ఇప్పుడు గిటార్ తీసుకుని ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావుపాటి తీగను చూడండి. ఒట్టి తీగ ‘ఈ’, అంటే మూడు. మూడు తరువాత మూడున్నర లేదు కాబట్టి మొదటి ఫ్రెట్‌లోనే నాలుగు, ఎఫ్. రెండో ఫ్రెట్ నాలుగున్నర, మూడోది ఐదు, నాలుగోది ఐదున్నర, ఐదోది ఆరు, ఆరోది ఆరున్నర, ఏడోది ఏడు, ఎనిమిదోది మళ్ళీ ఒకటి. ఇలా నోటితో లెక్కిస్తూ ఒక్కొక్క ఫ్రెట్ నొక్కుతూ వెళ్ళండి. పన్నెండో ఫ్రెట్‌లో మళ్ళీ మూడు రాకపోతే దారిలో ఎక్కడో మూడున్నరో ఏడున్నరో లెక్కపెట్టారన్నమాట. ఐదో తీగ మీద ఆరుతో మొదలుపెట్టి ఇదే పని చేయండి.

ఈ రెండు తీగలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కనిపించిన ఒక ముచ్చట ఉంది, దీన్ని ఏ పటమూ నాకు చెప్పలేదు. మూడో ఫ్రెట్ దాటాక ఆరో తీగకూ ఐదో తీగకూ షార్ప్‌లు సరిగ్గా ఒకే చోట్ల వస్తాయి: నాలుగు, ఆరు, తొమ్మిది, పదకొండు ఫ్రెట్లలో. మిగిలినవన్నీ తెల్లవే. తేడా మొదటి రెండు ఫ్రెట్లలోనే ఉంది. ఆరో తీగ మీద మొదటి ఫ్రెట్ తెల్లది, రెండోది నల్లది. ఐదో తీగ మీద మొదటిది నల్లది, రెండోది తెల్లది. బార్ కార్డ్‌ల పేర్లన్నీ ఈ రెండు తీగల మీదనే ఆధారపడి ఉంటాయి కాబట్టి, క్వయర్‌లో వాయించేవారికి ముందుగా కావలసింది ఇంతే. 72 గళ్ళ పటాన్ని కొన్నాళ్ళు గోడ మీద ఉండనివ్వండి, దాని వంక చూడకండి.

అడ్డంగా చూసినా ఇలాంటి తేలిక దారులు ఉన్నాయి. ఐదో ఫ్రెట్‌లో ఆరు తీగల మీదా తెల్ల స్వరాలే: ‘ఏ’, డి, జి, సి, ‘ఈ’, ‘ఏ’. పదో ఫ్రెట్ కూడా అంతే. పన్నెండోది ఒట్టి తీగలే మళ్ళీ వచ్చినట్టు కాబట్టి చెప్పనక్కరలేదు. పన్నెండుకు ఒక్క అడుగు ఇవతల, పదకొండో ఫ్రెట్‌లో మాత్రం ఆరు తీగల మీదా నల్లవే. ఉన్న ఐదు నల్లవీ అక్కడే వరసగా దొరుకుతాయి. నాకు ఎప్పుడైనా అనుమానం వస్తే ఐదునుంచో పదినుంచో లెక్కించుకుంటాను తప్ప మొదటినుంచి రాను.

ఇంకొక మాట చెప్పి ఆపుతాను. ఫ్రెట్‌ను నేను మెట్టు అనే అంటాను. పెట్టె మీదా మెట్టే, వీణ మీదా మెట్టే. మా ఉమ్మడి పాలమూరు జిల్లాలో దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన వాయిద్యం పేరులోనే 12 మెట్లు ఉన్నాయి. అయితే పన్నెండు మెట్ల కిన్నెరనూ గిటార్ 12 ఫ్రెట్లనూ ఒకటిగా లెక్కవేయకండి. అంకె కలిసినంత మాత్రాన స్వరాలు కలిసినట్టు కాదు.

వనపర్తి_వీణ:

పాలమూరు_పెట్టె గారి మూడున్నర శ్రుతి లెక్క నాకు చాలా నచ్చింది, ఇంత సులువుగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. అయితే “ఆరున్నర అన్నా, ఏడుకు అర తక్కువ అన్నా ఒకటే” అని వదిలేస్తే, ప్రశ్న అడిగినవారి మొదటి సందేహం తీరదు. రెండు పేర్లూ ఒకే మెట్టును చూపిస్తున్నప్పుడు, కీబోర్డు వాయించే ఆయన ‘ఏ’ షార్ప్ అనకుండా బి ఫ్లాట్ అనే ఎందుకు అన్నారు? అది అలవాటు మాత్రమే కాదు, దానికి కారణం ఉంది.

బి ఫ్లాట్ మేజర్ స్కేలును రాసి చూడండి: బి ఫ్లాట్, సి, డి, ‘ఈ’ ఫ్లాట్, ఎఫ్, జి, ‘ఏ’. ఏడు స్వరాలు, ఏడు వేర్వేరు అక్షరాలు, రెండే ఫ్లాట్‌లు. అవే ఫ్రెట్లను మీ ట్యూనర్ చూపించే పేర్లతో రాస్తే ‘ఏ’ షార్ప్, సి, డి, డి షార్ప్, ఎఫ్, జి, ‘ఏ’ అవుతుంది. ఇందులో డి రెండుసార్లు, ‘ఏ’ రెండుసార్లు వచ్చాయి, బి, ‘ఈ’ అసలు రాలేదు. చదివేవారికి ఒకే గీత మీద రెండు స్వరాలు కుక్కినట్టుగా ఉంటుంది. పోనీ అక్షరాలు వరుసగా రావాలని పట్టుబట్టి ‘ఏ’ షార్ప్ మేజర్ అనే రాస్తే, మూడు చోట్ల డబుల్ షార్ప్‌లు, అంటే రెండేసి ఫ్రెట్లు పెంచే గుర్తులు, పెట్టవలసి వస్తుంది. అందుకే ఆ స్థాయిలో పాట ఉన్నప్పుడు వాయించేవారు బి ఫ్లాట్ అంటారు. ట్యూనర్‌కు మీరు వాయించే పాట ఏమిటో తెలియదు. అది ఒంటరి స్వరాన్ని విని ఒక పేరు చెబుతుంది, అంతవరకే దాని పని.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. మనకు స్వరస్థానాలు 12, వాటికి పేర్లు 16. వీణ మీద షడ్జం (‘స’) నుంచి రెండో మెట్టు శంకరాభరణ రాగంలో చతుశ్రుతి రిషభం. మేళకర్తలనే 72 మూల రాగాలలో మొదటిదైన కనకాంగిలో అదే మెట్టు శుద్ధ గాంధారం. ఎందుకంటే కనకాంగిలో మొదటి మెట్టు మీద శుద్ధ రిషభం అప్పటికే కూర్చుని ఉంది. వరుసలో ‘రి’ ఒకటి, ‘గ’ ఒకటి ఉండి తీరాలి కాబట్టి తరువాతి మెట్టుకు ‘గ’ పేరు వచ్చింది. మెట్టు మారలేదు, ఇరుగుపొరుగు మారింది, దానితో పేరు మారింది. బి ఫ్లాట్ విషయంలో జరిగేది సరిగ్గా ఇదే. (72 గళ్ళు అని చదవగానే నాకు మేళకర్తలు గుర్తుకు వచ్చాయి గాని, ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు.)

ఇక్కడ మిర్యాలగూడ_క్యాపో గారి మాటను ఒకటి సవరించాలి. ‘ఈ’ షార్ప్ అనేది లేనే లేదనడం సరికాదు. దానికి వేరే చోటు లేదు, పేరు మాత్రం ఉంది. ఎఫ్ షార్ప్ మేజర్ స్కేలులో ఏడో స్వరాన్ని ‘ఈ’ షార్ప్ అనే రాస్తారు, వేలు మాత్రం ఎఫ్ ఫ్రెట్ మీదే పడుతుంది. భజనలో మూడున్నర అడిగేవారు లేకపోవడం నిజమే, కాని కాగితం మీద మూడున్నర కనిపించే రోజు వస్తుంది, ఆ రోజు భయపడకుండా నాలుగు వాయించండి.

బి–సి, ‘ఈ’–ఎఫ్ మధ్య ఖాళీ లేకపోవడాన్ని కూడా శంకరాభరణంతో చూస్తే తేలికగా ఉంటుంది. సిని షడ్జంగా పెట్టుకుంటే తెల్ల మెట్లన్నీ శంకరాభరణమే. అందులో అంతర గాంధారానికి పక్క మెట్టే శుద్ధ మధ్యమం, కాకలి నిషాదానికి పక్క మెట్టే పై షడ్జం. మిగిలిన స్వరాల మధ్య ఒక్కొక్క మెట్టు ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ మెట్లే మీ షార్ప్‌లు, ఫ్లాట్‌లు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. రెండు పేర్లదీ ఒకే ధ్వని అన్నది గిటార్‌కు, కీబోర్డుకు చెల్లుతుంది. గిటార్ మీద ఐదో తీగ ఒట్టిగా సెకనుకు 110 కంపనాలతో మోగుతుంది, మొదటి ఫ్రెట్‌లో సుమారు 116.5, రెండో ఫ్రెట్‌లో సుమారు 123.5, ప్రతి ఫ్రెట్‌కు ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పన్నెండో ఫ్రెట్‌కు 220 అవుతుంది. అందుకే ఫ్రెట్లు పొట్ట వైపుకు వెళ్ళేకొద్దీ దగ్గరవుతాయి, పన్నెండోది తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది. గొంతుకు, వయొలిన్‌కు ఇలాంటి కట్టుబాటు లేదు కాబట్టి, పాడేవారు రాగాన్ని బట్టి అదే స్థానాన్ని వెంట్రుకవాసి ఎక్కువగానో తక్కువగానో పలకవచ్చు. మీ క్వయర్‌కు దీనితో పని పడదు.

ఆరుతీగల_నల్లగొండ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ట్యూనర్‌కు పాట తెలియదన్న మాట దగ్గర నాకు ముడి విడిపోయింది.

రెండు రోజులుగా మూడు, నాలుగు, నాలుగున్నర, ఐదు అని గొణుగుతూ ఫ్రెట్లు ఎక్కుతున్నాను. ఇది కూరగాయల బేరమా అని మా అమ్మ అడిగింది. ఆరో తీగ, ఐదో తీగ ఇప్పుడు పటం చూడకుండా వస్తున్నాయి. నిన్న రాత్రి ఆరున్నరను, అంటే బి ఫ్లాట్‌ను, ఆరు తీగల మీదా వెతకాలని కూర్చున్నాను. ఆరో తీగ ఆరో ఫ్రెట్, ఐదో తీగ మొదటి ఫ్రెట్ వెంటనే దొరికాయి. ఆరో తీగ మీదున్న స్వరానికి పై స్థాయి, రెండు తీగలు దాటి రెండు ఫ్రెట్లు ముందుకు వెళితే ఉంటుందని ఒక వీడియోలో చెప్పారు. అలాగే వెళితే నాలుగో తీగ ఎనిమిదో ఫ్రెట్‌లో దొరికింది. ఐదో తీగ నుంచి అలాగే వెళితే మూడో తీగ మూడో ఫ్రెట్‌లో దొరికింది. ఆ ఊపులో నాలుగో తీగ ఎనిమిదో ఫ్రెట్ నుంచి కూడా రెండు దాటి రెండు వెళ్ళి, రెండో తీగ పదో ఫ్రెట్ నొక్కితే మాత్రం చెవికి గుచ్చుకుంది. ట్యూనర్ ‘ఏ’ అంటోంది. గిటార్ శ్రుతి తప్పిందేమోనని మళ్ళీ సరిచేసి చూశాను, అయినా అదే. ఎక్కడ తప్పాను?

పాలమూరు_పెట్టె:

తప్పు మీది కాదు, రెండో తీగది. గిటార్‌ను శ్రుతి చేసేటప్పుడు ఒక తీగ ఐదో ఫ్రెట్ నొక్కి పక్క సన్న తీగతో కలుపుతాం కదా, మూడో తీగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగో ఫ్రెట్ నొక్కి రెండో తీగతో కలుపుతాం. మిగతా తీగల మధ్య ఐదేసి ఫ్రెట్ల దూరం ఉంటే, మూడో తీగకూ రెండో తీగకూ మధ్య నాలుగే ఉంది. ఆ గట్టు దాటినప్పుడల్లా ఒక ఫ్రెట్ అదనంగా చెల్లించాలి. కాబట్టి నాలుగో తీగ నుంచి రెండో తీగకు, మూడో తీగ నుంచి మొదటి తీగకు వెళ్ళేటప్పుడు రెండు కాదు, మూడు ఫ్రెట్లు ముందుకు వెళ్ళండి. అప్పుడు మీ ఆరున్నర రెండో తీగ మీద పదకొండో ఫ్రెట్‌లో, మొదటి తీగ మీద ఆరో ఫ్రెట్‌లో ఉంటుంది.

పదకొండో ఫ్రెట్‌లో అన్నీ నల్లవేనని, పదో ఫ్రెట్‌లో అన్నీ తెల్లవేనని ముందే చెప్పాను. ఆరున్నర నల్లది కదా, అది పదో ఫ్రెట్‌లో ఉండే అవకాశమే లేదు. వేలు పెట్టే ముందు ఈ ఒక్క తనిఖీ చేసుకుంటే చెవికి గుచ్చుకోదు.

ఇంకొకటి, మీ మొదటి పొరపాటు గురించి. ‘పైకి’, ‘కిందికి’ అన్న మాటలను ఫ్రెట్‌బోర్డు దగ్గర వాడకండి. గిటార్ పట్టుకున్నప్పుడు మెడ పైకి లేచి ఉంటుంది కాబట్టి చెయ్యి కిందికి దిగుతుంటే స్వరం పైకి ఎక్కుతుంది. హార్మోనియం నుంచి వచ్చిన నాకు కూడా మొదట్లో ఇదే తిరకాసు అయింది. ‘చెవుల వైపు’, ‘పొట్ట వైపు’ అని మిర్యాలగూడ మిత్రుడు వాడిన మాటలే వాడండి, అవి ఎటు తిప్పి పట్టుకున్నా మారవు.

మిర్యాలగూడ_క్యాపో:

‘ఈ’ షార్ప్ విషయంలో వనపర్తి_వీణ గారి సవరణను ఒప్పుకుంటున్నాను. మా గురువు గారు నాకు లేదనే చెప్పారు, నేనూ నా దగ్గరికి వచ్చిన పిల్లలకు అలాగే చెబుతూ వచ్చాను. ఇకనుంచి “పేరుంది, వేరే చోటు లేదు” అని చెబుతాను.

ఆరుతీగల_నల్లగొండ:

పదకొండో ఫ్రెట్‌లో దొరికింది, మొదటి తీగ మీద ఆరో ఫ్రెట్‌లో కూడా. ఆరు చోట్లా ఒకదాని తరువాత ఒకటి వాయించి చూశాను. నిన్న రాత్రి రిహార్సల్‌లో కీబోర్డు అన్న ‘ఈ’ ఫ్లాట్ అన్నప్పుడు, రెండున్నర అని మనసులో అనుకుని, ఐదో తీగ ఆరో ఫ్రెట్‌లో బార్ పట్టాను. ఈసారి ఎవరి భుజాలూ బిగుసుకోలేదు. చెయ్యి మాత్రం రెండో చరణానికే లాగేసింది, మూడో చరణానికి క్యాపో తగిలించి సి పట్టుతో నెట్టుకొచ్చాను. ట్యూనర్ ఇంకా డి షార్ప్ అనే చూపిస్తోంది.